మానసిక రోగికి బెడ్ ఏ రాష్ట్రంలో దొరుకుతుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మీ పేపరు శ్రీకాకుళం ఎడిషన్ మా ఇంటికి రోజూ వస్తుంది, పాతపట్నం దాటితే మా ఊరే కదా. జిల్లా పేజీలో అడుగున అప్పుడప్పుడూ ఒక చిన్న వార్త వేస్తుంటారు. మతిస్థిమితం లేని వ్యక్తి అదృశ్యం, ఫలానా రంగు చొక్కా, ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషన్‌కి చెప్పగలరు. చాలామంది అది దాటేసి పక్క వార్తకి వెళ్ళిపోతారు, నాకు మాత్రం అక్కడే చూపు ఆగిపోతుంది, ఎందుకంటే మా తమ్ముడికి బైపోలార్ జబ్బు, అంటే మనసు కొన్నాళ్ళు విపరీతమైన హుషారుకీ కొన్నాళ్ళు దిగులుకీ ఊగే జబ్బు. ఆ నాలుగు లైన్లు చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది, ఆ ఇంటివాళ్ళు ముందు ఎన్ని ఆసుపత్రుల గుమ్మాలు ఎక్కి దిగారో, ఎక్కడ బెడ్ లేదనిపించుకుని వెనక్కి తెచ్చుకున్నారో అని.

మందులు వేసుకుంటూ బాగున్న రోజుల్లో తమ్ముడిని చూస్తే జబ్బు మనిషని ఎవరూ అనుకోరు. కిరాణా కొట్టు నడుపుతాడు, సాయంత్రం పిల్లల చేత ఎక్కాలు చదివిస్తాడు. జబ్బు తిరగబెట్టేటప్పుడు మొదట పోయేది నిద్ర. రెండు మూడు రాత్రులు కునుకుండదు, మాట వేగం పెరుగుతుంది, కొట్టులో సరుకు దారినపోయేవాళ్ళకి ఊరికే ఇచ్చేస్తాడు, ఆపబోతే మనమే శత్రువులం, అన్నంలో ఏదో కలిపామని తినడు. ఆ దశలో రెండు మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి, మోతాదు సరిచేసి, కాస్త నిద్రపట్టేలా చూస్తే మనిషి మళ్ళీ మనవాడవుతాడు. మా ఇంట్లో ఇది జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఆ రెండు మూడు వారాల బెడ్ గురించే ఈ ఉత్తరం.

కిందటిసారి రాత్రిపూట తీసుకెళ్ళాం. ఆటోవాళ్ళు ఎక్కించుకోము అన్నారు, తెలిసినవాళ్ళ బండి దొరికింది. ఆసుపత్రి పేరు రాయను. క్యాజువాలిటీలో డాక్టరు గారు ఓపికగానే చూశారు, "అమ్మా, మా దగ్గర మానసిక వార్డు లేదు, జనరల్ వార్డులో పెడితే మిగతా పేషెంట్లు గొడవ చేస్తారు" అని నిద్రకి ఇంజెక్షన్ చేసి, ఇంకో పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడికి తెల్లవారుజామున చేరితే వార్డు నిండిపోయిందన్నారు, వారం తర్వాత రమ్మన్నారు. వారం ఆగే జబ్బయితే అర్ధరాత్రి మనిషిని ఇద్దరం చెరోపక్కా పట్టుకుని అంత దూరం ఎందుకు వెళ్తాం? ఇంజెక్షన్ మత్తు మర్నాటికి దిగిపోయింది. చివరికి ఆంధ్రలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం, మరదలి గొలుసు తాకట్టు పెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. ఆ అప్పు ఇంకా తీరలేదు, అది చాలక ఆ అప్పు తన వల్లే అన్న దిగులు తమ్ముడికి ఇంకో జబ్బులా పట్టుకుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళకి దీనిలో ఒక మెలిక ఉంది, అది భువనేశ్వర్‌లో కూర్చున్నవాళ్ళకి గానీ అమరావతిలో కూర్చున్నవాళ్ళకి గానీ కనపడదు. ఒడిశా వైపు వెళ్తే మా ఆరోగ్య పథకం కార్డు పనిచేస్తుంది, కానీ బరంపురం వంద కిలోమీటర్ల పైమాట, కటక్ దాటితే మూడు వందలు. పైగా జబ్బు ముదిరినప్పుడు తమ్ముడి నోట తెలుగు తప్ప మాట రాదు. మామూలప్పుడు ఒడియా చక్కగా మాట్లాడేవాడే, ఆ స్థితిలో ఒడియాలో అడిగితే తలతిప్పి కూర్చుంటాడు, డాక్టరుకేమో అతని బుర్రలో ఏం తిరుగుతోందో తెలియాలంటే మాటే ఆధారం. ఈ జబ్బుకి ఎక్స్‌రే లేదు. ఆంధ్ర వైపు వెళ్తే మాట కలుస్తుంది, కానీ అక్కడి ఆరోగ్య పథకం కార్డు ఆ రాష్ట్రంవాళ్ళకే. ఆధార్ మీద గజపతి జిల్లా అని చూడగానే మీది ఆ రాష్ట్రం కదమ్మా అంటారు. కార్డు ఒక ఒడ్డున, భాష ఒక ఒడ్డున, మధ్యలో మేం. ఇక మా జిల్లా కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట చెప్పనే అక్కర్లేదు, వాళ్ళకి తెలుగూ అంతంతే, ఒడియా అంతంతే.

మా తాతల కాలంలో ఈ తంటా లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాలోదే, విశాఖ చినవాల్తేరులోని మానసిక ఆసుపత్రి 1871 నాటిది, ఎవరికైనా జబ్బు చేస్తే విశాఖే తీసుకెళ్ళేవారు. ఇప్పటికీ గుణుపూర్, కాశీనగర్, రాయగడ వైపు నుంచి రైలెక్కి అక్కడికి వెళ్ళేవాళ్ళున్నారు. ఉత్తరాంధ్ర జిల్లాల భారం అంతా మోసే ఆసుపత్రి అది, దాని మీద మా బరువు కూడా వేస్తున్నాం, అది అక్కడివాళ్ళకీ న్యాయం కాదు, మాకూ సరిపోదు.

చట్టం లేక కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 18వ సెక్షన్ ఒకసారి చదవండి. ప్రభుత్వ మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కు అంటుంది, దాని కోసం ఎవరూ దూరాభారం పోవాల్సిన పని ఉండకూడదు, ఉన్న చోటికి దగ్గర్లోనే దొరకాలి అంటుంది. జిల్లాలో ప్రభుత్వ సేవ లేకపోతే అదే జిల్లాలో ఇంకోచోట చేయించుకున్న ఖర్చు ప్రభుత్వమే భరించాలి అని కూడా ఉంది. బాగుంది, కానీ ఆ ఇంకోచోటు అన్నదే లేని జిల్లా సంగతి ఏమిటి? మాలాంటివాళ్ళం జిల్లా దాటాం, రాష్ట్రం కూడా దాటాం, ఆ బిల్లు పట్టుకుని ఏ కిటికీ దగ్గర నిలబడాలి? మానసిక వైద్య నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు తెచ్చే ప్రయత్నం పదేళ్ళలో చేయాలని కూడా ఆ చట్టంలోనే రాశారు. ఆ లెక్కన గడువు 2028.

ఇంకా వెనక్కి వెళ్తే, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. జిల్లా స్థాయిలో పది బెడ్ల వార్డు ఉండాలన్నది ఆ కార్యక్రమంలో ఉన్న మాటే. పది అంటే పెద్ద సంఖ్య కాదు. ఒక హాలు, ఆడవాళ్ళకి వేరే గది, రాత్రి డ్యూటీకి శిక్షణ ఉన్న నర్సులు, వారానికి ఒకసారి వచ్చిపోయే డాక్టరు కాకుండా అక్కడే ఉండే సైకియాట్రిస్టు. కాగితం మీద పది ఉన్నాయంటే నాకు సరిపోదు. రాత్రి పన్నెండింటికి ఒక కుటుంబం అరుస్తున్న మనిషిని తీసుకుని గుమ్మంలో నిలబడితే చేర్చుకుంటారా లేదా, అదొక్కటే లెక్క. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 18 ఏళ్ళు నిండినవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. అందరికీ బెడ్ అక్కర్లేదు, చాలామందికి ఓపీ, మాత్రలు, మాట్లాడే మనిషి ఉంటే చాలు. బెడ్ కావాల్సిన కొద్దిమందికి మాత్రం అది ఆ రాత్రే కావాలి.

ఆ కొద్దిమందిలో బాలింతలు కూడా ఉన్నారు, వీళ్ళ గురించి ఎవరూ రాయరు. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో కొందరికి మనసు పూర్తిగా చెదిరిపోతుంది. నిద్రపోరు, ఎవరో పిలుస్తున్నారంటారు, బిడ్డ నాది కాదంటారు. మా వైపు ఒక పిల్లకి ఇలాగే అయితే గాలి సోకిందని, పురిటి మైల పోకుండా బయటకి వచ్చిందని తలా ఒక మాటా అన్నారు, తాయెత్తులు కట్టారు, మంత్రగాడి దగ్గరికి తిప్పారు. ఆశా కార్యకర్త పట్టుబట్టి ఆసుపత్రికి పంపితే కాన్పుల వార్డు వాళ్ళు ఇది మాది కాదన్నారు, మానసిక వైద్యుడు ఉన్నచోట ఆడవాళ్ళ వార్డు లేదన్నారు. నిజానికి ఇది ఆసుపత్రిలో చేర్చాల్సిన అత్యవసరం, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదికి రావచ్చు, సరైన వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆ పిల్ల బతికింది, కోలుకుంది, కానీ ఆ లోపల అత్తింటివాళ్ళు బిడ్డని తీసుకుని ఆమెని పుట్టింటికి పంపేశారు. ఆ వారంలోనే ఒక బెడ్, పక్కన ఒక ఉయ్యాల దొరికి ఉంటే ఆ కాపురం నిలబడేది అని నా నమ్మకం.

బెడ్ దొరకని ఇళ్ళలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. గదిలో పెట్టి గడియ వేస్తారు, తాడుతో కడతారు, గొలుసు వేస్తారు. గొలుసు వేయడాన్ని ఆ 2017 చట్టంలోని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దగ్గర గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో చనిపోయాక దేశం అంతా అయ్యో అంది. కానీ కట్టేసిన తల్లిని రాక్షసి అనుకోవద్దు. కొడుకు రైలు పట్టాల వైపు పరిగెడుతుంటే, తీసుకెళ్ళడానికి చోటు లేకపోతే, ఆమె చేతిలో ఉన్నది ఆ తాడు ఒక్కటే. నేరం అని బోర్డు పెట్టే ముందు ఆమెకి ఒక బెడ్ చూపించాలి.

కొంతమంది చదువుకున్నవాళ్ళు నాతో అన్నారు, బెడ్లు పెంచితే మళ్ళీ పాత పిచ్చాసుపత్రులే వస్తాయి, రోగి ఇంట్లో నలుగురి మధ్య ఉండటమే మంచిది అని. ఇంట్లో ఉండటమే మంచిదని నేనూ అంటాను, మా తమ్ముడు ఏడాదిలో ఎక్కువ రోజులు కొట్టులోనే ఉంటాడు. నేను వందల బెడ్ల ఆసుపత్రి అడగడం లేదు. దగ్గర్లో చిన్న వార్డు ఉంటే అమ్మ క్యారేజీ తీసుకెళ్ళగలదు, పిల్లలు చూసి రాగలరు, రెండు వారాలకి ఇంటికొస్తాడు. మూడు వందల కిలోమీటర్ల దూరంలో చేర్పిస్తే కొన్నాళ్ళకి వెళ్ళడం తగ్గుతుంది, డబ్బులుండవు, కూలి పోతుంది, అలా మర్చిపోబడ్డవాళ్ళే ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో మిగిలిపోతారు.

ఇంటికొచ్చాక మందులు కూడా అంతే ముఖ్యం. ఒడిశా ఆసుపత్రిలో అయినా ఆంధ్ర ఆసుపత్రిలో అయినా నెలకి సరిపడా ఇచ్చి పంపుతారు, తర్వాత మా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఆ మాత్ర లేదంటారు, లేదా ఆ చీటీ ఇక్కడిది కాదంటారు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళకి రక్తంలో అది ఎంతుందో మధ్యమధ్యలో చూడాలి, ఎక్కువైతే విషం, తక్కువైతే పనిచేయదు, ఆ టెస్టు కోసం మళ్ళీ ప్రయాణం. ఒక నెల డబ్బులు సర్దలేక మందు ఆపుతారు, జబ్బు తిరగబెడుతుంది, మళ్ళీ అదే రాత్రి, అదే బెడ్ వేట. మందుల అలమారా ఖాళీగా ఉంచి ఎన్ని బెడ్లు వేసినా చాలవు.

14416 అని టెలీమానస్ నంబరు ఉంది, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం అది, 2022 అక్టోబరు 10న మొదలుపెట్టారు, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. టెన్షన్‌గా ఉన్నా, చచ్చిపోవాలనిపించినా, ఇంట్లోవాళ్ళకి ఏం చేయాలో తోచకపోయినా చేయండి, సిగ్గుపడొద్దు. ఇంకో సంగతి కూడా మీ పాఠకులకి తెలియాలి. అదే చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం మనిషి తనకో ఇతరులకో తీవ్రమైన హాని చేసుకునే పరిస్థితి ఉంటే, మానసిక వైద్యుడే రావాలని లేదు, రిజిస్టరైన ఏ డాక్టరయినా ఇంటివాళ్ళ సమ్మతితో 72 గంటల వరకు అత్యవసర వైద్యం చేయొచ్చు. మాది కాదు, ఇంకెక్కడికైనా పట్టుకుపొండి అనే డాక్టరు గారికి మర్యాదగా ఈ మాట గుర్తుచేయండి.

సంపాదకుల వారూ, మీ దగ్గర నేను కోరేది ఇది. మీ విలేకరులు సరిహద్దుకి రెండు వైపులా ఉన్నారు. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లా ఆసుపత్రుల్లో, అలాగే మీ శ్రీకాకుళం, పార్వతీపురం వైపు ఆసుపత్రుల్లో మానసిక రోగులకి నిజంగా మంచం వేసి ఉన్న బెడ్లు ఎన్ని, అందులో ఆడవాళ్ళకి ఎన్ని, రాత్రి చేర్చుకునేవి ఎన్ని, నెల మందులు స్టాకు ఉన్నవి ఎన్ని అని అడిగి ఊరి పేర్లతో సహా వేయండి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనీ ఒకటే ప్రశ్న అడగండి, సరిహద్దు జిల్లాల మానసిక రోగిని పక్క రాష్ట్రం ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేర్చుకుని, లెక్కలు వాళ్ళూ వాళ్ళూ తర్వాత చూసుకునేలా ఒప్పందం ఎందుకు చేసుకోరు? జవాబిస్తే జవాబు వేయండి, ఇవ్వకపోతే అడిగిన తేదీ వేసి ఇవ్వలేదని రాయండి.

తమ్ముడి కొట్టుకి ఇబ్బంది కాకుండా నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా