అతుకు దగ్గరే ఉంది పనంతా

నాటింగ్‌హామ్, ఇంగ్లండ్,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "మా అమ్మాయి లావణ్యకి ఈసీఈ అయిపోవచ్చింది, నువ్వు చేసే బట్టల ఎలక్ట్రానిక్సే చదువుతానంటోంది, పంపమంటావా వద్దంటావా, ఒక్క ముక్క చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదురా ఇది. అప్పట్నుంచీ అదే ఆలోచన. ఇవాళ బయట ఒకటే వాన, ల్యాబుకి వెళ్ళే పని లేదు, టీ పెట్టుకుని కూర్చున్నా. ఇది నువ్వు చదివాక లావణ్యకీ ఇవ్వు.

ముందు నా పనేమిటో చెబుతా. ఇన్నేళ్ళయినా నీకు సరిగ్గా చెప్పలేదు. గుండె కొట్టుకోవడాన్ని కనిపెట్టే బనియన్ ఒకటి అనుకో. ఆసుపత్రిలో ఈసీజీ తీసేటప్పుడు ఛాతీ మీద జిగురు బిళ్ళలు అతికిస్తారు చూడు, వాటి బదులు వెండి పూత పూసిన నైలాన్ దారంతో అల్లిన చిన్న పట్టీలు బనియన్ లోపలి వైపే ఉంటాయి. ఆ పట్టీ నుంచి కరెంటు మోసే దారమే తీగలా నడుం దాకా వస్తుంది. అక్కడ అగ్గిపెట్టె కంటే చిన్న పెట్టె ఉంటుంది, అది ఫోన్‌కి సిగ్నల్ పంపుతుంది. చెమట పడితే పాడవుతుందనుకుంటారు అందరూ. నిజానికి పొడి చర్మం మీద సిగ్నల్ సరిగ్గా రాదు, కాస్త చెమట పట్టాకే బాగా వస్తుంది. మనిషి కదిలినప్పుడు పట్టీ జారితే మాత్రం ఈసీజీ గీత అంతా చెదిరిపోతుంది. మా కష్టంలో సగం అక్కడే.

పోయినేడు సంక్రాంతికి వచ్చినప్పటి ముచ్చట నీకు చెప్పలేదు కదూ? అమ్మ బీరువా సర్దుతూ తన పెళ్ళిచీర బయటికి తీసింది. నా సంచీలో మల్టీమీటర్ ఉంది, కరెంటు పారే దారి ఉంటే మోగి చెబుతుంది. కొంగు జరీ మీద ఒక ముల్లు ఆనించి, జానెడు దూరంలో రెండోది ఆనించాను. కుయ్యిమని మోగింది. అమ్మ ఉలిక్కిపడి "చీరకి కరెంటు పెడుతున్నావేంట్రా!" అని లాగేసుకుంది. అది అసలు జరీరా. పట్టుదారం మీద సన్నటి వెండి రేకు చుట్టి, దానిమీద బంగారు పూత పూసింది. కరెంటుని వెండి కంటే బాగా మోసే లోహం లేదు. తర్వాత వదిన కొత్త చీర మీద పెట్టి చూశా, చప్పుడు లేదు. ఇప్పటి జరీలో చాలావరకు పాలిస్టర్ రేకే. మెరుపంతా లోపలుండే అల్యూమినియం పొరది, పైన ప్లాస్టిక్ కప్పేసి ఉంటుంది.

ఎందుకు చెబుతున్నానంటే, 1997లో అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబులో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనే ఇద్దరు బట్ట మీదే సర్క్యూట్లు కట్టారు. వాళ్ళు వాడిన బట్టల్లో ఒకటి మన దేశంలో నేసిన పట్టు ఆర్గంజా. పడుగు మామూలు పట్టు, పేక రాగిరేకు చుట్టిన పట్టు. ఇలాంటి బట్ట మన దేశంలో కనీసం వందేళ్ళుగా నేస్తున్నారని వాళ్ళే రాశారు. పీహెచ్‌డీ మొదటి ఏడాది ఆ పేపరు చదివి ఆ రాత్రి నిద్రపోలేదు నేను. అప్పటిదాకా నాది నేతింటి పిల్లాడు ఎలక్ట్రానిక్స్‌లోకి పోయిన కథ అనుకునేవాణ్ణి. ఆ రోజు అర్థమైంది, నేను ఎక్కడికీ పోలేదని.

అదే కాలంలో అక్కడే జార్జియా టెక్ యూనివర్సిటీలో సుందరేశన్ జయరామన్ గారు 1996 నుంచి అమెరికా నౌకాదళం డబ్బుతో సైనికుల కోసం ఒక చొక్కా నేయించారు. తూటా ఎక్కడ తగిలిందో చెప్పడానికి అందులో వెలుతురు మోసే ప్లాస్టిక్ దారం, గుండె సంగతి చెప్పడానికి కరెంటు మోసే దారం. పరిశోధనగా ఈ రంగం వయసు ఇంచుమించు ముప్పై ఏళ్ళే. లావణ్యకి ఇది మంచి మాట, ఇంకా తేలనివి బోలెడున్నాయి.

అన్నిట్లోకీ తేలనిది అతుకు. దారం మెత్తన, చిప్పు గట్టిది. రెండూ కలిసే చోట ఏం చేయాలి? టంకం పెడదామంటే ఆ వేడికి నైలాన్ కరిగిపోతుంది. మా ఊళ్ళోనే నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీలో తిలక్ డయాస్ గారి బృందం వేరే దారి పట్టింది. చిన్న చిప్పుని సన్న రాగితీగలకి టంకం పెట్టి, దాని చుట్టూ గట్టిపడే జిగురుతో (రెజిన్) గుళిక కట్టి, ఆ మొత్తాన్నీ నూలు లోపలే దాచేస్తారు. పైకి మామూలు దారంలాగే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే లోపల ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కోవాలి.

నేను దారాన్ని చిప్పుకి కుట్టుతో కలిపి, పైన బంక పూసే పద్ధతి మీద పనిచేశా. మూడేళ్ళ కిందట చేసిన బనియన్లు పదో ఉతుకు దాకా బ్రహ్మాండంగా ఉన్నాయి. పదకొండో ఉతుకు తర్వాత ఒక్కొక్కటే మూగబోయాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, బంక పూసిన చోట లోపల దారం బాగానే ఉంది, బయట దారమూ బాగానే ఉంది. బంక అంచు ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా ఆ వెంట్రుకవాసి చోట తెగి, రెండు కొసలూ ఎదురెదురుగా నుంచున్నాయి. వెండి పూత ఒలిచిన ఉల్లిపొరలా లేచిపోయింది. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. జాండ్రపేటలో మా ఇంట్లో కుప్పడం చీర నేసేటప్పుడు నువ్వూ చూశావుగా, పేకదారం మోసే నాడె ఒంటికి ఒకటి, రెండు అంచులకి రెండు. అంచు పేక, ఒంటి పేక ఒకదాన్నొకటి మెలేసుకునే చోట నాన్న ప్రతిసారీ వేలితో తడిమి చూసుకునేవాడు. "లాగితే తెగుద్ది, వదిలితే ఉబ్బుద్ది" అనేవాడు. నా అతుకులో దారాన్ని నేను లాగేశాను. మళ్ళీ మొదలుపెట్టి, అతుకు దగ్గరికి వచ్చేసరికి దారం వంకీలు తిరిగేలా కుట్టి, బంక అంచు ఒక్కసారిగా ఆగకుండా మెత్తటి సిలికాన్‌తో పలచబడేలా చేశా. ఏడు నెలలు పట్టింది. ఈ అతుకులు యాభై ఉతుకులు దాటాయి.

నాన్నకి చెబుదామంటే అప్పటికే లేడు. ఆయన పోయిన వారం నా వీసా మారుతోంది, పాస్‌పోర్టు చేతిలో లేదు. వీడియోలో చూశాను అంతా. ఈ చదువుకి అసలు ఖర్చు ఇలాంటిదిరా, ఫీజులు తర్వాత. పీహెచ్‌డీ తర్వాత నాకు రెండేళ్ళకొక కాంట్రాక్టు, దాని తర్వాత ఇంకోటి, ప్రతిసారీ ఊరు మారడం. పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై ఎనిమిది. ఒక చోట ఇంటర్వ్యూలో ఎలక్ట్రానిక్స్ ఆయన "ఇందులో కొత్త సర్క్యూట్ ఏముంది?" అన్నాడు. ఇంకో చోట టెక్స్‌టైల్స్ ఆవిడ "చిప్పుల సంగతి వదిలెయ్యండి, నూలు గురించి చెప్పండి" అంది. పేపర్లు పంపినా ఇదే వరస. రెండు వైపులా ప్రశ్న న్యాయమైనదే, అయినా ఆ రోజుల్లో ఇంటికొచ్చి చాలా బాధపడేవాణ్ణి. లావణ్య ఇది ముందే తెలుసుకుని రావాలి.

కంపెనీల్లో చేరొచ్చుగా అంటావేమో. గూగుల్, లెవైస్ కలిసి 2017లో చేతి అంచు మీద వేలితో రాస్తే ఫోన్ పలికే జాకెట్‌ని అమ్మకానికి పెట్టాయి. 2023లో దాని యాప్ ఆపేశారు. కొన్నవాళ్ళ దగ్గర జాకెట్ మిగిలింది, తెలివి పోయింది. యూనివర్సిటీలో అయితే నేను తేల్చిన అతుకు పేపరులో ఉంటుంది, ఎవరైనా తీసుకుని ముందుకు పోవచ్చు. అందుకే ఇక్కడే ఉన్నా. ఇంకోటి, చొక్కాలోంచి వెండినీ చిప్పునీ వేరు చేసే తేలిక దారి ఇంకా లేదు. పాతబడ్డాక అది చెత్త. ఇప్పుడు నా ఇద్దరు విద్యార్థులు విప్పదీయగలిగే అతుకు మీదే పనిచేస్తున్నారు.

"అమ్మాయి కదా, ఎలా?" అని కూడా అన్నావు చూడు, దానికి జవాబుంది. లియా బీకలీ అనే ఆవిడ సూదీదారంతో బట్టకి కుట్టుకునే లిలీప్యాడ్ ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చేసింది, 2007లో మార్కెట్లోకి వచ్చింది. దాంతో మామూలు బోర్డుల కంటే ఆడపిల్లలు చాలా ఎక్కువగా పని మొదలుపెట్టారు. నేను మొదటి ఏడాది పిల్లలకి మొదటి క్లాసులో అదే ఇస్తా. నీ కూతురికి టంకం కడ్డీ పట్టడం వచ్చు, మా చెల్లెమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకుంది. రెండూ వచ్చినవాళ్ళు నా ల్యాబులో కూడా తక్కువ.

వెంటనే ఇక్కడికి పరిగెత్తనక్కర్లేదు. ఢిల్లీ ఐఐటీలో టెక్స్‌టైల్ శాఖ ఉంది. కోయంబత్తూరులో సిట్రా అనే జౌళి పరిశోధన సంస్థలో వైద్యానికి పనికొచ్చే బట్టల మీద పరిశోధన జరుగుతోంది. మన వెంకటగిరిలోనే ప్రగడ కోటయ్య గారి పేరు పెట్టిన చేనేత సాంకేతిక సంస్థ ఉంది, అక్కడికి వెళ్ళి మగ్గాలు చూసి, మాస్టార్లతో మాట్లాడి రమ్మను. ఎక్కడ చేరబోయినా ఆ ప్రొఫెసర్ పాత విద్యార్థులు ఇప్పుడేం చేస్తున్నారో వాళ్ళనే అడగమను. అల్లిక మెషీన్ నడిపే మనిషి ఆ ల్యాబులో ఉన్నాడా లేదా అన్నది కూడా.

నా మాటంటావా, పంపు. కానీ ముందు ఒక పని. మా చిన్నాన్న మగ్గం ఇంకా ఆడుతోంది. పడుగు అయిపోయినప్పుడు పాత కొసలకి కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటే మెలేసి అచ్చు అతుకుతారు, వేల పోగులు. వేళ్ళకి బూడిద రాసుకుని కూర్చుంటే ఆయన కళ్ళు మూసుకుని కూడా చేయగలడు. నిన్న ఫోన్ చేసి చెప్పా, సంక్రాంతి ముందు అచ్చు అతికే రోజు కబురు పెడతానన్నాడు. ఆ రోజు కాలేజీ మానిపించైనా లావణ్యని పక్కన కూర్చోబెట్టు. నేను జనవరి పదికల్లా వస్తా. మామయ్య మల్టీమీటర్ తెస్తున్నాడని చెప్పు. అత్తయ్య పాత చీరలు మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యొద్దను, జరీ చూడాలి.

నీ
రాంబాబు