స్కూల్ బోర్డ్ ప్రెసిడెంట్ గారికి: బ్లాక్ పిల్లల బొమ్మల పుస్తకాలు ఒక్క ఫిబ్రవరికేనా?

ప్రెసిడెంట్ గారూ నమస్తే,

ఇదే విషయం మీద ఇంగ్లీష్‌లో మీ ఆఫీసుకి మెయిల్ పెట్టేశాను. మళ్ళీ తెలుగులో ఎందుకంటే డాలస్ చుట్టుపక్కల మీ స్కూళ్ళకి పిల్లల్ని పంపే తెలుగువాళ్ళు కూడా చదవాలని. మేం బోర్డ్ మీటింగ్‌కి వస్తే గిస్తే అడ్వాన్స్‌డ్ మ్యాథ్ గురించి వస్తాం, లేదంటే బౌండరీ మార్చి మా పిల్లల్ని ఇంకో స్కూల్లో వేస్తారేమో అన్న భయంతో వస్తాం, లైబ్రరీ గురించి మాత్రం ఎప్పుడూ నోరు తెరవం.

నేను మా ఎలిమెంటరీ స్కూల్ లైబ్రరీలో వాలంటీర్‌గా పుస్తకాలు సర్దుతుంటా. బ్లాక్ పిల్లలు ఉన్న బొమ్మల పుస్తకాలు ఫిబ్రవరి రాగానే, అది బ్లాక్ హిస్టరీ మంత్ కాబట్టి, ముందు టేబుల్ మీదకి వస్తాయి, మార్చి వస్తే మళ్ళీ వెనక్కి. వచ్చేవి కూడా చాలావరకు మార్టిన్ లూథర్ కింగ్, రోజా పార్క్స్, హ్యారియెట్ టబ్‌మన్ కథలే. మంచివే, ఉండాల్సిందే, వద్దనట్లేదు. కానీ ఐదేళ్ళ పిల్లకి తన రంగు మనిషి పుస్తకంలో కనపడ్డ ప్రతిసారీ సంకెళ్ళో జైలో పోలీసులో, లేదంటే దేశాన్నే మార్చేసిన మహానుభావులో కనపడితే ఎలా అండీ? తెల్ల పిల్లాడికైతే పుస్తకంలో కుక్కపిల్ల తప్పిపోవచ్చు, పన్ను ఊడొచ్చు, అమ్మమ్మ ఇంటికెళ్ళి అల్లరి చేయొచ్చు. బ్లాక్ పిల్ల పుస్తకంలోకి రావాలంటే ఉద్యమం చేసి రావాలా?

ఇదేం కొత్తగా నేను కనిపెట్టిన గొడవ కాదు. 1920లోనే నల్లజాతి హక్కుల కోసం పోరాడిన డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ గారు నల్లజాతి పిల్లల కోసమే ఒక మాసపత్రిక పెట్టారు, తమ రంగు మామూలు విషయమనీ అందమైనదనీ పిల్లలకి తెలియాలని ఆయన ఉద్దేశం, పాపం రెండేళ్ళకే ఆగిపోయింది. తర్వాత 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే సైకాలజిస్ట్ దంపతులు చిన్న పిల్లల ముందు ఆడుకునే తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగితే చాలామంది నల్ల పిల్లలే తెల్ల బొమ్మ మంచిదన్నారు. 1954లో స్కూళ్ళలో నల్ల పిల్లల్ని, తెల్ల పిల్లల్ని వేరు చేయడం చెల్లదని అమెరికా సుప్రీం కోర్ట్ తీర్పిచ్చినప్పుడు ఈ పరిశోధన కూడా లెక్కలోకి వచ్చింది. ఆ పిల్లలకి ఎవరో కూర్చోబెట్టి నువ్వు తక్కువ అని పాఠం చెప్పలేదు కదా, చుట్టూ చూసి వాళ్ళే నేర్చేసుకున్నారు, పుస్తకాలు కూడా ఆ చుట్టూ ఉన్నవాటిలోకే వస్తాయి.

అప్పటి పుస్తకాలు ఎలా ఉండేవంటే, 1965లో నాన్సీ లారిక్ అనే ఆవిడ మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలు లెక్క చూస్తే ఒక్క నల్ల మనిషైనా ఉన్నవి 6.7 శాతం. ఇప్పుడు మారిపోయింది అంటారేమో, మారింది కొంచెం. విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళ పిల్లల పుస్తకాల సెంటర్ 2018 పుస్తకాలు లెక్కేస్తే బ్లాక్ పాత్రలు ఉన్నవి 10 శాతం, జంతువులూ ట్రక్కులూ లాంటివి ముఖ్యపాత్రలుగా ఉన్నవి 27 శాతం. ఎలుగుబంట్ల మీద నాకేం కోపం లేదు, మా పాపకీ ఇష్టమే, కానీ ఇదెక్కడి లెక్కండీ.

బ్లాక్ పిల్లలున్న పుస్తకాలు లైబ్రరీ నుంచి ఎవరూ తీసుకెళ్ళరు అనే మాట కూడా విన్నాను. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 125 ఏళ్ళు పూర్తయినప్పుడు తన చరిత్రలోనే ఎక్కువసార్లు ఇచ్చిన పుస్తకం ఏదో లెక్కేసి చెప్పింది, అది 1962లో వచ్చిన ‘ద స్నోయీ డే’, 4 లక్షల 85 వేలకి పైగా సార్లు జనం తీసుకెళ్ళారు. అందులో కథేంటి? ఎర్ర కోటు వేసుకున్న ఒక నల్ల పిల్లాడు మంచులో ఆడుకుని ఇంటికొచ్చి స్నానం చేసి పడుకుంటాడు. అంతే. ఉపన్యాసం లేదు, పోరాటం లేదు. రాసినాయన తెల్లవాడే, మరి బ్లాక్ రచయితలకి, చిత్రకారులకి తలుపులు తెరవడానికి ఇంకెంత పట్టిందో చూడండి, పిల్లల పుస్తకాల్లో బొమ్మలకి 1938 నుంచి ఇస్తున్న కాల్డెకాట్ మెడల్ ఒక బ్లాక్ మహిళకి మొదటిసారి దక్కింది 2024లో, వష్టి హ్యారిసన్‌కి.

జుట్టు సంగతి కూడా చెప్పాలి. జడలు, లాక్స్ (జుట్టుని తాళ్ళలా పాయలుగా పెంచడం) లాంటి బ్లాక్ వాళ్ళ హెయిర్ స్టైల్స్ వల్ల స్కూల్లో వివక్ష చూపించకూడదని మన టెక్సస్‌లోనే చట్టం చేశారు, 2023 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. అంటే జుట్టు కోసం చట్టం కావాల్సొచ్చింది! కిండర్‌గార్టెన్ పిల్లకి చట్టం ఏం తెలుస్తుంది, వాళ్ళ నాన్న కుస్తీపడి కూతురికి జడ వేయడమో, బార్బర్ షాప్ కుర్చీలోంచి ఒక పిల్లాడు రాజులా దిగడమో బొమ్మల్లో కనపడితే తెలుస్తుంది. అలాంటి పుస్తకాలు వచ్చాయి, పెద్ద పెద్ద అవార్డులూ వచ్చాయి, కొని పెట్టడమే తరువాయి.

ఇక మనవాళ్ళకో మాట. మనకి దీంతో ఏం పని అనకండి. పుట్టబోయే బిడ్డ తెల్లగా రావాలని కుంకుమపువ్వు పాలు తాగించే ఇళ్ళ నుంచే కదా వచ్చాం, పెళ్ళి సంబంధాల దగ్గర అమ్మాయి కలర్ తక్కువ అని ఎంత ఈజీగా అనేస్తాం, కృష్ణుణ్ణి మాత్రం నల్లనయ్యా అని ముద్దుగా పిలుస్తాం. మన బాధా వాళ్ళ చరిత్రా ఒకటే అని చెప్పట్లేదు, అస్సలు కాదు. కానీ బ్లాక్ ఫ్రెండ్‌ని ఇంటికి తీసుకొస్తే మొహం మాడ్చుకునే అమ్మానాన్నల పిల్లలకి కూడా ఈ పుస్తకాలు చాలా అవసరం.

ప్రెసిడెంట్ గారూ, స్కూల్ లైబ్రరీల మీద టెక్సస్ చేసిన చట్టం, సెనేట్ బిల్ 13, వచ్చాక లైబ్రరీకి పుస్తకం కొనాలంటే ముందు లిస్ట్ 30 రోజులు పబ్లిక్‌గా పెట్టాలి, మీ బోర్డ్ ఓటేయాలి, కాబట్టి ఇప్పుడు ఇది నేరుగా మీ చేతిలో పని. రాబోయే లిస్ట్‌లో బ్లాక్ రచయితలూ చిత్రకారులూ చేసిన మామూలు కథల పుస్తకాలు, నవ్వుకునేవి, పుట్టినరోజువి, నిద్రపుచ్చేవి, సరిపడా పెట్టించండి, ఏదో ఒకటి రెండు కాదు. అవి ఏడాదంతా మిగతా పుస్తకాలతో పాటే షెల్ఫ్‌లో ఉండేలా చూడండి. లైబ్రరీ పుస్తకాల మీద సలహాలిచ్చే అడ్వైజరీ కౌన్సిల్ వేస్తే అందులో బ్లాక్ పేరెంట్స్‌ని కూడా తీసుకోండి. ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పారని లిస్ట్ మొత్తం పక్కన పెట్టేసి పిల్లల ఏడాది వేస్ట్ చేయకండి, ఎందుకంటే కిండర్‌గార్టెన్ మళ్ళీ రాదు.

లిస్ట్ ఏ మీటింగ్‌కి వస్తుందో కాస్త ముందే చెప్పించండి. పబ్లిక్ కామెంట్‌కి పేరిస్తాను, మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో కాస్ట్‌కో డీల్స్ మధ్యలో ఆ డేట్ కూడా పెడతాను.

ఇట్లు,
మీ డిస్ట్రిక్ట్‌లో ఒక కిండర్‌గార్టెన్ పాప అమ్మ