ఇకపై మా షాపులో కుక్కపిల్లల అమ్మకం లేదు

దసరాకి షిట్జు, పమేరియన్ పిల్లల కోసం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి ముందుగా చెప్పేస్తున్నాను, ఆ పిల్లలు రావు. ఇక ముందు కూడా అమ్మను. మీ డబ్బు మీకిచ్చేస్తాను. ఫుడ్, గ్రూమింగ్, ఊరెళ్లేటప్పుడు కుక్కని మా దగ్గర వదలడం, అన్నీ మామూలే.

ఎందుకో నేనే చెప్పకపోతే విజయనగరంలో ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పుకుంటారు. కోట జంక్షన్‌లో ఇప్పటికే రెండు మూడు విన్నాను.

ఏళ్లుగా ఒకే బ్రీడర్ (కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మే మనిషి) దగ్గర పిల్లల్ని తెప్పిస్తున్నాను. ఈసారి రాత్రి బస్సులో అట్టపెట్టెలో పంపాడు. టీకా కార్డు మీద వయసు 60 రోజులు అని ఉంది. ఒక షిట్జు పిల్ల నోరు తెరిచి చూశాను. ఎనిమిది వారాలు దాటితే మామూలుగా పాలపళ్లు 28 దాదాపు వచ్చేసి ఉండాలి. దీనికి ముందు పళ్లు అప్పుడే పొడుచుకొస్తున్నాయి, వెనక చిగురు నున్నగా ఉంది. నానబెట్టిన ఫుడ్ పెడితే తినడం తెలీక, కింద పరిచిన తువ్వాలు అంచు నోట్లో పెట్టుకుని చీకుతోంది. టీకా స్టిక్కర్ అంటించారు, డాక్టర్ సంతకం మాత్రం లేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని బ్రీడర్ అమ్మకూడదని 2017 నుంచి కేంద్రం రూలే ఉంది. ఫోన్ చేసి అడిగితే ఆయనన్న మాట: "అందరూ నోరు మూసుకుని తీసుకుంటున్నారు గురూ, పళ్లు లెక్కపెట్టేది నువ్వొక్కడివే."

లెక్కపెడతాను. అందులో సిగ్గుపడేదేముంది?

వాటిని తిరిగి పంపలేదు, ఇంకో రాత్రి బస్సు కుదుపులు వాటికెందుకని. మా ఇంట్లోనే ఉన్నాయి. వేరే బ్రీడర్ని చూసుకోవాలా, మొత్తం ఆపేయాలా అని చాలా రాత్రులు నిద్రపట్టలేదు. షాపు అద్దె పిల్లల అమ్మకం మీదే గడిచేది. మా ఆవిడ లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ఆమె చెప్పిందీ నిజమే. అయినా తల్లి కుక్కని కళ్లతో చూడకుండా, ఎవరో రాసిన తేదీ నమ్మి మీ చేతిలో పిల్లని పెట్టడం ఇక నా వల్ల కాదు.

ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పెడుతుందో కుక్కపిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో ఆడుకునేటప్పుడే. నెలకే విడదీస్తే ఆ పాఠం మీ పాదాల మీద నేర్చుకుంటుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే, పన్ను తగలగానే ఆట ఆపి లేచి వెళ్లిపోండి. కొట్టొద్దు, మూతి నొక్కొద్దు. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. తాతగారు నవ్వుతూ వేలందిస్తే మీ కష్టమంతా వృథా. చిన్న కుక్కలతో వచ్చిన చిక్కే ఇది, ముద్దుగా ఉందని వదిలేస్తాం. అదే పని లాబ్రడార్ చేస్తే ఊరుకుంటామా? ఇంట్లో పాసు పోసే సంగతంటారా, నిద్ర లేవగానే, తినగానే బయటికి తీసుకెళ్లండి. చాలావరకు అదే సర్దుకుంటుంది.

ఆదివారం సాయంత్రాలు కుక్కని తీసుకుని రండి, చూసి చెబుతాను, డబ్బు అక్కర్లేదు. "మీ షాపు కుక్క కరుస్తోంది" అని నలుగురి ముందు నా మీద అరిచిన మాస్టారూ రావచ్చు. ఆయన పగ్ విశాఖలో కొన్నది, నా దగ్గర కొన్నది దాని బెల్టు ఒక్కటే. అయినా రమ్మనే అంటున్నాను, దానికి గోళ్లు కూడా తీయాలి.