పోస్టులు నింపకుండా పాలిటిక్స్ పాఠాలా?

సంపాదకులకు,

మా అమ్మాయి డిగ్రీ అయిపోయి ఎంఏ పొలిటికల్ సైన్స్ చేస్తానంటే, పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ కౌన్సెలింగ్‌కి ముందే ఒకసారి చూసొద్దామని సీమలోనే ఒక యూనివర్సిటీ శాఖకు వెళ్లాం. నోటీసు బోర్డు మీద ఎంఏ, పీహెచ్‌డీ వివరాలు ఘనంగానే ఉన్నాయి గానీ, గదుల తలుపుల మీద నేమ్‌ప్లేట్లు పీకేసిన మేకుల గుర్తులే ఎక్కువ. క్లాసులు చెప్పేవాళ్లలో చాలామంది కాంట్రాక్టు వాళ్లేనట, జీతం కూడా నెలనెలా రాదట.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం దాటకూడదు, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి తగ్గకూడదు. ఇవి ఎవరి కోసం రాసినట్టు?

ఎంఏలో 55 శాతం మార్కులు తెచ్చుకుని, అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్టో సెట్టో పాసై, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ వయసు కరిగిపోతున్న పిల్లలు అనంతపురంలో వీధికొకరు దొరుకుతారు, కొందరైతే కోచింగ్ సెంటర్లలో గ్రూప్-2 వాళ్లకి రాజ్యాంగం చెప్పుకుంటున్నారు (అక్కడే నయమంటున్నారు!). కనీసం అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఏ శాఖలో ఎన్ని పోస్టులున్నాయో, ఎన్ని ఖాళీలో, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస)తో సహా వెబ్‌సైట్‌లో పెట్టమనండి. ఫీజు కట్టేది మేమే కదా.

– ఒక విద్యార్థిని తండ్రి, అనంతపురం