కారణం చెప్పని నోటీసుపై అప్పీలు ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో 3,000 రూపాయల నుంచి 6,000కు పెరిగింది. దొంగ సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్లతో ఆ సొమ్ము తీసుకుంటున్నవారిని తొలగించడానికి 2025లో పునఃపరిశీలన మొదలైనప్పుడు, అది అసలైన దివ్యాంగులకు మేలు చేసే పని అని నేను నలుగురిలోనూ సమర్థించాను. కానీ ఆ తూర్పారబట్టడంలో తాలుతో పాటు గింజలూ కొట్టుకుపోతున్నాయని మా ఇంట్లోనే చూడవలసి వచ్చింది.

మా తమ్ముడికి రెండో ఏట పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. ఇప్పుడు వాడికి 52 ఏళ్లు. అడుగు తీసి అడుగు వేయాలంటే ఎడమ తొడ మీద చెయ్యి ఆనించి వంగవలసిందే. పాత సర్టిఫికెట్‌లో 58 శాతం శాశ్వత వైకల్యమని ఉంది. కొత్త పరీక్షలో అది 36 శాతమేనని, 40 శాతం లేనందున పింఛనుకు అనర్హుడని రాసిన నోటీసును గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి ఇచ్చారు. యాభై ఏళ్లుగా సన్నబడుతూ వస్తున్న కాలికి వైకల్యం ఎలా తగ్గిందో అందులో ఒక్క ముక్క లేదు.

ఆసుపత్రికి తోడు వెళ్లింది నేనే. కుర్చీలో కూర్చోబెట్టి మోకాలు ఒకసారి వంచి చూశారు, పాదం అటూ ఇటూ కదిపారు, తరువాతి పేరు పిలిచారు. టేపు పెట్టి రెండు కాళ్ల పొడవు కొలవలేదు. లేచి నాలుగు అడుగులు వేయమనలేదు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం కాలి వైకల్యాన్ని లెక్కకట్టేటప్పుడు కీళ్ల కదలిక, కండరాల బలంతో పాటు నిలకడను కూడా చూడాలి. అంటే చదును నేల మీద, వాలులో నడవడం, మెట్లు ఎక్కడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడడం, గొంతుక్కూర్చోవడం, బాసిపట్టు వేయడం వంటివి చేయించి మార్కులు వేయాలి. వరండాలో అంతమంది ఎదురుచూస్తుంటే ఆ వైద్యుడు మాత్రం ఏం చేస్తారు, ఆయనను తప్పుపట్టలేను. తొందరలో వేసిన అంకె ఒక మనిషి నెల గడిచే దారిని మూసేస్తుందన్నదే నా బాధ.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 59వ సెక్షన్ అప్పీలుకు హక్కు ఇచ్చింది. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా తెలపాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పింఛను నోటీసుకు ఆ పద్ధతి ఎందుకు వర్తించకూడదు? ఎంపీడీవో కార్యాలయంలో అర్జీ ఇచ్చేటప్పుడు, దేనిని కాదంటున్నామో తెలియక, మా తమ్ముడు 'నాకు పోలియో ఉంది' అని మాత్రమే రాసి సంతకం పెట్టాడు. అంతకంటే ఏం రాయగలడు? ఏ అంశానికి ఎన్ని మార్కులు తగ్గించారో తెలిస్తే కదా, అది తప్పని చూపించేది.

పరీక్ష పత్రం ప్రతిని నోటీసుతో పాటే ఇవ్వాలని, మొదట పరీక్షించిన వైద్యుడు కాక వేరొకరు మళ్లీ చూడాలని, అప్పీలు తేలేదాకా ఎవరి పింఛనూ ఆపరాదని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా తమ్ముణ్ణి మళ్లీ పిలిచిన రోజు, కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఆ వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి నడిపించి చూడమని నా విన్నపం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు