జతలు కాదు, గుంపు తెచ్చుకో

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్ననే అందింది. ఇంట్లో మంచినీటి అక్వేరియం పెట్టాలనుకుంటున్నావని చదివి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అయితే, నాలుగు రకాల చేపలను రెండేసి చొప్పున తెస్తానని రాశావు చూడు, ఆ ఒక్క ఆలోచన మానుకోమని బతిమాలడానికే వెంటనే జవాబు రాస్తున్నాను.

నువ్వు పేర్కొన్న నియాన్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా, జీబ్రా డానియో, టైగర్ బార్బ్ అన్నీ గుంపుగా బతికే చేపలే. వాటికి కావలసిన తోడు ఏదో ఒక చేప కాదు, తమ జాతి చేపే. నేను మొదట నాలుగు నియాన్లను మాత్రమే తెచ్చాను. అవి రోజంతా ఫిల్టర్ వెనుక నక్కి, మేత వేసినా బయటికి రాక, రంగు వెలిసిపోయి ఉండేవి. నీటిలో లోపమేమోనని ఎన్నో విధాల పరీక్షించాను గాని ఏ లోపమూ కనిపించలేదు. మరో ఎనిమిదింటిని తెచ్చి కలిపాక, వారం తిరగకముందే పన్నెండూ తొట్టి నడిమధ్యకు వచ్చి తిరగసాగాయి. అప్పటినుంచి ఎవరడిగినా ఒక జాతివి కనీసం ఆరు, వీలైతే పది తెచ్చుకోమనే చెబుతున్నాను. టైగర్ బార్బులు రెండు మూడే ఉంటే పక్క చేపల వాజాలు కొరుకుతాయి. ఎనిమిదో పదో ఉంటే ఆ తరుముకోవడాలు చాలావరకు వాటిలో అవే సాగించుకుంటాయి.

గుంపు ఒక్కసారిగా మలుపు తిరగడం చూడాలి నువ్వు! తలుపు చప్పుడైతే చాలు, ముందున్న ఒక చేప ఒరుగుతుంది, నువ్వు రెప్ప వేసేలోగా మిగిలిన నియాన్ల ఒంటిమీది నీలి గీతలన్నీ అటే ఒరుగుతాయి. చేపకు రెండు పక్కలా మొప్పల వెనుకనుంచి తోక దాకా పార్శ్వరేఖ అనే ఇంద్రియం ఉంటుంది. పక్క చేప కదిలినప్పుడు నీటిలో పుట్టే ఒత్తిడిని అది పసిగడుతుంది. చూపూ ఇదీ కలిసి ఆ మలుపును నడిపిస్తాయి. నదిలోనైతే వేటాడే చేపకు అంత గుంపులో ఒక్కదానిమీద గురి కుదరడం కష్టం. అందుకే ఒంటరి చేపకు బెదురు తీరదు.

ఇంకొక ముచ్చట. గాయపడిన చేప చర్మం నుంచి వెలువడే పదార్థం తోటి చేపలను బెదరగొడుతుందని జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో మిన్నో అనే చిన్న మంచినీటి చేపలలో గమనించి చెప్పాడు. డానియోలలోనూ ఆ లక్షణం ఉంది. కనుక వలతో పట్టేటప్పుడు ఒంటికి గీరుకోకుండా నిదానంగా పట్టు.

తొట్టి కొనేటప్పుడు ఎత్తు కన్నా పొడవు చూడు, ఎందుకంటే ఇవి అడ్డంగా ఈదే చేపలు. నియాన్లకు అరవై లీటర్లకు తగ్గకుండా, నీటి వేడి 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే హాయి. అన్నిటికన్నా ఓపిక అవసరమైనది చేపలు రాకముందే. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండానే కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ, పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా ఆగు. తరువాత సగం గుంపును, రెండు మూడు వారాలకు మిగిలిన సగాన్ని చేర్చు. వారానికోసారి పాతిక శాతం నీరు మార్చు. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు మరువకు.

ఒక రాత్రి దీపం ఆర్పిన చాలాసేపటికి చిన్న టార్చి వేసి నియాన్లను చూస్తే కంగారుపడతావు, ఎందుకంటే ఆ నీలమూ ఎరుపూ పాలిపోయి ఉంటాయి. అది జబ్బు కాదు. తెల్లవారి వెలుతురు పడిన కొద్దిసేపటికే ఆ గీత మళ్ళీ మెరుస్తుంది.

తొట్టి పొడవు ఎంతో వచ్చే ఉత్తరంలో రాయి. ఏ ఒక్క జాతిని ఎంచుకున్నావో కూడా రాయి. ఎన్ని పడతాయో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

ఇట్లు,
నీ మిత్రుడు