ఆడినవాడు బాధితుడా, నేరస్థుడా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా మేనల్లుడు మూడేళ్లు ఆన్‌లైన్ పోకర్ ఆడి బతికాడు, చేస్తున్న ఉద్యోగం మానేసి మరీ. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం ఉంది కాబట్టి బెంగళూరులో గది తీసుకున్నాడు. ఓసారి వెళ్లి చూశాను. రాత్రి పదకొండుకి కూర్చున్నవాడు పొద్దున పాలప్యాకెట్ వచ్చేదాకా లేవలేదు. ఒకే తెర మీద ఆరు టేబుళ్లు, వచ్చిన ముక్కల్లో చాలావరకు పారేయడమే పని. "అదృష్టం కాదు మావయ్యా, అంతా లెక్కే" అనేవాడు. ప్రతి ఆటకీ పద్దు రాసేవాడు. బ్యాంకులో ముప్పయ్యేళ్లు పనిచేశాను, లోన్లకు వచ్చే వ్యాపారస్తుల దగ్గర కూడా అంత శుభ్రమైన పద్దు చూడలేదు.

ఆ పద్దు చూశాకే నాకు భయం పట్టుకుంది. ఎవరు గెలిచినా కంపెనీ తన రేక్, అంటే పందెం డబ్బులోంచి తీసుకునే కమిషన్, కోసుకునేది. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం పన్ను, పోయిన డబ్బును అందులో మినహాయించుకోవడానికి మరుసటి ఏడాదికి తీసుకెళ్లనివ్వరు. ఒక ఏడాది ఆరు లక్షలు గెలిచి, పైఏడాది నాలుగు లక్షలు పోగొట్టుకున్నాడనుకోండి. మిగిలిన రెండు లక్షల్లో లక్షా ఎనభై వేలు పన్నుకే పోతాయి. ఇరవై వేలతో రెండేళ్లు, అదీ బెంగళూరు అద్దెలు కట్టి! రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది, మా వాడు పోకర్‌కీ అదే వాదన. నైపుణ్యం ఉంటే నెలనెలా జీతం వస్తుందని మాత్రం ఏ కోర్టూ చెప్పలేదు.

2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. నేను సంతోషించాను. మా వాడు ఇంటికొచ్చాడు. రెజ్యూమెలో ఆ మూడేళ్ల ఖాళీకి ఏం రాయాలో తెలియక రెండు నెలలు తిప్పలు పడి, చివరికి టెలిగ్రామ్‌లో ఒక ఏజెంటును పట్టుకున్నాడు. యూపీఐలో డబ్బు పంపితే ప్రైవేటు క్లబ్బులో చిప్స్ (పందెం బిళ్లలు) వేస్తాడట. రసీదు లేదు, టీడీఎస్ లేదు. సంక్రాంతికి ముందు ఆ ఏజెంటు ఫోన్ స్విచాఫ్. లక్షన్నర పోయింది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయరా అంటే, "చేస్తే ముందు నన్నే లోపలేస్తారు" అన్నాడు. వాడి భయం ఉత్తిది కాదు. 2020లో మన రాష్ట్రం చేసిన సవరణలో ఆడినవారికీ ఆరు నెలల దాకా జైలు ఉంది. కేంద్రం వదిలేసినవాణ్ని రాష్ట్రం పట్టుకుంటానంటే ఫిర్యాదు చేసేదెవరు? ఆ నిబంధన తీసేయాలి. అప్పటిదాకా, మోసపోయి వచ్చినవారిపై కేసు పెట్టబోమని పోలీసులైనా బాహాటంగా ప్రకటించాలి. డబ్బు నాలుగు ఖాతాలు మారకముందే ఆపాలంటే మొదటి కొన్ని గంటలే ఆధారం.

మా వాడు ధైర్యం తెచ్చుకుని స్టేషన్‌కు వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయవాడ